ఎవరూ నాటని పువ్వు

తంగేడును ఎవరూ నాటరు. ఎవరూ నీరు పోయరు. పశువులు సాధారణంగా దాని జోలికి పోవు గనుక కంచె కూడా అక్కరలేదు. రాతి నేలలో, బాటల పక్కన, చెరువుకట్టల మీద తనంత తానే పెరిగి, భాద్రపదం ముగిసే వేళకు నిలువెల్లా బంగారమై నిలుస్తుంది.

1753లో ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెట్టిన లిన్నేయస్ ఆకుతొడిమల మొదట చెవుల వంటి రేకులను గమనించి ‘ఆరిక్యులేటా’ అన్నాడు. తమిళులకు ఇది ఆవారై. ఆవారై పూచి ఉండగా చావేమిటని వారి సామెత. సింహళీయులు దీనినే రణవర అని పిలిచి, పూలను కాచి పానీయంగా సేవిస్తారు. మన నాటువైద్యులు దీని పూలను మధుమేహానికీ, గింజలను నేత్రరోగాలకూ వాడుతూ వచ్చారు.

అయితే తంగేడు బెరడుకున్న చరిత్ర వేరు. అందులోని వగరు పచ్చితోలును కుళ్ళనీయక పదును చేస్తుంది. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు వచ్చేదాకా మద్రాసు ప్రాంతపు తోళ్ళ పరిశ్రమకు ఇదే ఆధారం. ఆ బెరడుతో చెప్పులకూ, మోట బొక్కెనలకూ తోలు సిద్ధం చేసిన చేతులను మాత్రం ఊరు వెలుపలే ఉంచింది.

వెలుపల ఉంచినవారి కథే బతుకమ్మ గాథల్లోనూ ఒకటి ఉన్నది. ఏడుగురు అన్నల ముద్దుల చెల్లెలు అక్కెమ్మకు వదిన పాలలో విషం కలిపి ఇచ్చి, ఊరి బయట పాతిపెట్టిందట. అక్కడ తంగేడు మొలిచి విరగబూసింది. వెతుకుతూ వచ్చిన అన్నలతో, ఏటేటా ఈ పూలలో తనను తలచుకొమ్మని ఆ చెల్లెలు చెప్పిందట. అందుకే కాబోలు, ఏడాదంతా ఊరి బయట నిలిచిన పువ్వు ఆ తొమ్మిది నాళ్ళూ తాంబాళమెక్కి, గునుగుపూల సరసన చేరి, పసుపు గౌరమ్మకు పీఠమవుతుంది.

మా అమ్మ మమ్మల్ని పూలకు పంపుతూ, “గుత్తి తుంచండి, కొమ్మ విరవకండి. మీ వెనుక ఇంకొకరు వస్తారు” అనేది. ఎవరిదీ కాని చెట్టు అందరిదని మాకు తెలిసింది ఆ మాటతోనే.

2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. సంతోషమే. కాని నేడు నగరంలో పండుగనాడు తంగేడును కట్టల లెక్కన కొనుక్కుంటున్నాము. ఒకసారి పూలమ్మే స్త్రీని ఎక్కడివని అడిగాను. “మా ఊరి దగ్గర యాడున్నయమ్మా, అన్నీ ప్లాట్లాయె. శాన దూరం పోయి తెచ్చిన” అన్నది.

నీరు అడగని మొక్క, ఎరువు అడగని మొక్క, మనలను అడిగేది కొంచెం బీడు నేల. ధర పలకని నేల ఊరికి దండుగ అనుకునే కాలంలో ఆ కొంచెమే కరవవుతున్నది. పువ్వుకు బిరుదు ఇచ్చినవారం, అది నిలిచేందుకు చెరువుకట్ట పక్కన ఇంత చోటు కూడా ఇవ్వగలిగితేనే రేపటి ఆడపిల్లలు దానిని కొనకుండా కోసుకోగలుగుతారు.