నానాగారి ఫిల్ము డబ్బా

'డ్యూప్' అనగానే మా విద్యార్థి మిత్రులలో పలువురు కథానాయకునికి బదులుగా మేడమీది నుండి దూకే మనిషినే తలచుకొంటారు. మా మాతామహులు ఆ మాటను వేరొక అర్థంలో వాడేవారు. నెల్లూరు నుండి మద్రాసు చేరి, కోడంబాకంలోని ఒక ఫిల్ము లాబొరేటరీ చీకటిగదిలో ఇరవై ఏండ్లకు పైగా పనిచేసిన వారాయన. మేము నానా అని పిలిచేవారము.

కెమెరాలో తిరిగిన అసలు నెగటివు లోకంలో ఒక్కటే ఉంటుంది. ఊరూరికీ పంపే ప్రింట్లన్నీ దాని నుండే తీస్తే గీతలు పడి, అతుకులు ఊడి, అది త్వరలోనే పాడవుతుంది. అందుచేత దాని నుండి మొదట సన్నని రేణువుల పాజిటివును, ఆ పాజిటివు నుండి నకలు నెగటివును తీసేవారు. 1931 నాటి 'ఆలం ఆరా' గాని, 1932 నాటి మన 'భక్త ప్రహ్లాద' గాని నేడు చూడబోతే ఒక్క ప్రతి అయినా దొరకదు. రెండవ ప్రతి విలువ ఏపాటిదో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

నకలు పాజిటివుకు నీలికాంతి మాత్రమే సోకుతుంది. పసుపుపచ్చని దీపం క్రింద దానితో పని చేసుకోవచ్చు. నకలు నెగటివు అట్లా కాదు. అది అన్ని రంగులకూ లొంగుతుంది. మసకబారిన ముదురాకుపచ్చ దీపమో, లేకుంటే కటికచీకటో దానికి కావాలి. అందువల్ల నానాకు వేళ్ళే కన్నులైనాయి. వృద్ధాప్యంలో సయితం చేతిరుమాలును అంచులు పట్టుకొనే మడిచేవారు, నడుమ వేలు పెట్టేవారు కారు. పాజిటివును గాఢంగా, అంటే గామా 1.4 దాకా, నెగటివును మెత్తగా, 0.65 దాకా డెవలప్ చేసేవారట. రెండింటినీ గుణిస్తే 0.91. ఆ లెక్క ఒకటికి చేరువైతే నకలు అసలుకు సాటి వస్తుంది. "ఒకరు గట్టిగా మాట్లాడితే రెండోవారు మెల్లగా మాట్లాడాలి బేటా, సంసారంలాగా" అనేవారు.

వాడని ఫిల్మును 13 డిగ్రీలకు మించని చల్లదనంలో దాచాలి. అసలు చిక్కంతా అక్కడే ఉన్నది. చలిగదిలోనుండి తెచ్చిన వేయి అడుగుల డబ్బాను మూత చుట్టూ ఉన్న పట్టీ తీయకుండా కనీసం మూడు గంటలు బయట ఉంచాలి. తొందరపడి తెరిస్తే మద్రాసు గాలిలోని తేమ ఫిల్ముపై చెమటవలె పడుతుంది. ఆ మచ్చలు మరి పోవు.

1978లో ఒక రాత్రి, తెల్లవారేసరికి ప్రింట్లు కావాలని పైనుండి ఒత్తిడి వచ్చింది. నానా గంటకే డబ్బా తెరిచారు. తెల్లవారి చూస్తే నకలు నెగటివు నిండా చుక్కలు! డబ్బాలు మోసే కుర్రవానిని పిలిచి అడిగారు. వాడు బిత్తరపోయాడు. తెరిచింది తానేనని నానా చెప్పలేదు. ఆ సాయంత్రమే కుర్రవాని ఉద్యోగం పోయింది. అప్పటికి నానా ఇంట పెళ్ళికి పదునొకండు దినాలే ఉన్నది.

ఈ సంగతి 2011లో, కన్నుమూయడానికి నెల ముందు, ఆయన మాకు చెప్పారు. ఆ కుర్రవానిని తరువాత రెండుమార్లు సైదాపేటలో వెదకినారట, కనబడలేదట. పాడైన ఆ చుట్టను మాత్రం పారవేయక ఇనుప పెట్టెలో దాచుకొన్నారు.

మొన్న సెలవులలో ఆ డబ్బా తెరిచాము. సిర్కా వాసన గుప్పుమన్నది. అసిటేటు ఫిల్ము వేడికీ తేమకూ కుళ్ళి, వినిగరులోని ఆమ్లాన్నే వదులుతుంది. ఆ ఆమ్లం కుళ్ళును ఇంకా పెంచుతుంది, ప్రక్కనున్న మంచి ఫిల్ముకు కూడ అంటిస్తుంది. చుట్ట కుదించుకొని, అంచులు అలలు తేలి ఉన్నది. ఏ యంత్రపు పళ్ళకూ అది ఇక పట్టదు. దీపానికి ఎత్తి చూశాము. ఒక స్త్రీ తలుపు తీస్తున్నది. ముఖం నిండా చుక్కలు.

చల్లగా, పొడిగా ఉంచితే కుళ్ళు నెమ్మదిస్తుందని తెలిసి రిఫ్రిజిరేటరులో పెట్టబోయినాము. మా ఇంటావిడ ఒప్పుకోలేదు, పాలకు వాసన పడుతుందన్నది. ఇప్పుడది వరండా అలమరలో ఉన్నది.

అమ్మ ఆ వాసన ఏమిటని అడిగింది. మద్రాసు నాటి పాత ఫిల్ము అన్నాము. 1978లో జరిగిన ఆ పెళ్ళి ఆమెదే.