ఎక్కడానికి 28... దిగడానికి 40!

అలిపిరి నుంచి కారులో తిరుమల కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి. దిగడానికి 40. ఇది డ్రైవర్ల అంచనా కాదు, ఘాట్‌రోడ్డు నిబంధన. బయల్దేరేచోట ఇచ్చే చీటీ మీద టైమ్ ఉంటుంది. గడువుకన్నా ముందే రెండో గేటు చేరితే జరిమానా. ఎక్కడైనా ఆలస్యంగా వస్తే తప్పు, ఇక్కడ మాత్రం తొందరగా రావడమే తప్పు!

కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన కుర్రాళ్లకు ఈ లెక్క ఓ పట్టాన మింగుడుపడదు. ఎక్కేటప్పుడేగా బండి కష్టపడేది, దిగేటప్పుడు దానంతటదే పోతుందిగా అనుకుంటారు. ప్రమాదమంతా ఆ 'దానంతటదే' పోవడంలోనే ఉంది.

శేషాచలం కొండల్లో మొదటి ఘాట్‌రోడ్డును 1944లో వేశారు. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి కొత్తదాన్నీ, దిగడానికి పాతదాన్నీ వాడుతున్నారు. దాదాపు 19 కిలోమీటర్ల పాత దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు. ఒకటి దాటి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి. ఓ పక్క కొండ, మరో పక్క లోయ. అవ్వాచారి కోన అందాలు చూపు తిప్పుకోనివ్వవు. కొంతదూరం నడకదారి భక్తులూ ఈ రోడ్డు పక్కనే కొండకు వెళ్తుంటారు. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, నోట గోవిందనామం... మలుపు అవతలి నుంచి ఏ బండి ఎంత వేగంగా వస్తోందో వాళ్లకు తెలీదు.

కొండెక్కేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బండి నెమ్మదిస్తుంది. దిగేటప్పుడు కాలు తీసినా వేగం పెరుగుతూనే ఉంటుంది. దాంతో కొత్తవాళ్లు బ్రేకు వదలరు. అదేపనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి, కాలిన వాసనొచ్చి, పట్టు తగ్గిపోతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లూ ఉన్నారు. అంటే ఇంజిన్ పట్టునీ చేజేతులా వదులుకున్నట్టే! అనుభవమున్న డ్రైవరు మలుపు రాకముందే గేరు తగ్గిస్తాడు. అప్పుడు బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది.

 ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 30 రోజులకు పరీక్షకెళ్లొచ్చు. ట్రాక్ మీద పాసైన కుర్రాడికి ఇదే తొలి ఘాట్‌రోడ్డు కావచ్చు. వెనక సీట్లోంచి స్నేహితులు 'లాగించు మామా' అంటుంటే ఆగుతాడా? వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. మలుపులో అంత చోటెక్కడిది?

కొందరు మరీ తెలివైనవాళ్లు. దారంతా దూసుకొచ్చి, గేటుకు కాస్త ముందు బండి పక్కకు ఆపి, గడువు నిండేదాకా గడియారం చూస్తూ నిలబడతారు. ప్రాణాలకు తెగించి మిగుల్చుకున్న నిమిషాలన్నీ అక్కడే ఖర్చు! 19 కిలోమీటర్లకు 40 నిమిషాలంటే సగటున గంటకు 28 కిలోమీటర్ల వేగం. చీటీ చూసేది ఆ సగటునే. ఏ మలుపు ఎంత వేగంతో తిరిగారో దానికి తెలీదు.

ఏళ్లతరబడి బస్సులు నడిపినవాళ్లకు కూడా ఘాట్‌రోడ్డు అప్పగించేముందు ఆర్టీసీ విడిగా శిక్షణ ఇస్తుంది. నెలరోజుల లైసెన్సుకు ఆ అవసరం లేదా? మొదటి నాలుగైదుసార్లు అనుభవమున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు. ఆ 40 నిమిషాలు ఎందుకో మూడో మలుపులోనే అర్థమైపోతుంది.