మన కుక్కే, కానీ...

"మన కుక్క, మన ఇష్టం" అనుకుంటాం కదండీ! కోర్టు వద్దంటే కుక్కని పెంచుకునే హక్కే ఉండదట. లా చదువుతున్న మా అమ్మాయి చెప్పేదాకా నాకూ తెలీదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 29వ సెక్షన్ ఇదే. జంతువుని హింసించి శిక్ష పడిన మనిషి పాత శిక్షలూ, తీరూ చూసి, కొంతకాలమో, శాశ్వతంగానో ఏ జంతువునీ దగ్గర ఉంచుకోకూడదని కోర్టు ఆర్డరు వేయొచ్చు. కాదని తెచ్చుకుంటే 100 రూపాయల వరకు జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ! ఆ ఆర్డరుని సడలించాలన్నా కోర్టే సడలించాలి.

హింసంటే కొట్టడమే కాదు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని కాస్త తిప్పకపోవడం, సరిగ్గా తిండీ నీళ్ళూ పెట్టకపోవడం కూడా నేరమే.

మా ఎదురింటి కుక్క డాబా మీద ఎండలో మూలుగుతుంటే, వెళ్ళి ఈ సంగతే చెప్పాను.

"వంద రూపాయలేగా, పిన్నిగారూ!" అని నవ్వింది ఆ ఇంటి కోడలు.

"జైలు మాటేమిటమ్మా? పైగా కోర్టు కుక్కనే తీసేసుకుంటే మీ బాబుని ఎవరు ఊరుకోబెడతారు?" అన్నాను. ఇంక నవ్వలేదు. మర్నాటి నుంచి ఆ పిల్లాడే సాయంత్రాలు కుక్కని తిప్పుతున్నాడు.

మీ ఇంట్లోనూ కుక్క ఉంటే, దాని గొలుసు ఎంత పొడుగుందో ఈ పూట ఒక్కసారి చూడండి.