ఒక యేటి విరామము

మా పాఠశాలలో చదివి, పిమ్మట కళాశాలలో గణిత సంఖ్యాశాస్త్రములతో బి.ఎస్సీ. ముగించిన యొక యువతి నిరుటి వేసవి చివర మా యింటికి వచ్చినది. సంఖ్యాశాస్త్ర ఎం.ఎస్సీ. ప్రవేశపరీక్షలో ఆమెకు స్థానము లభింపలేదు. వెంట వచ్చిన తండ్రి దర్జీపని చేసికొని బ్రదుకువాడు. “మాస్టారుగారూ, ఏడాదిపాటు పిల్ల ఊరకుండిన నలుగురు నేమందురు? ఏదో యొక కొలువులో చేర్చెదను” అనెను.

“ఒక్క యేడు ఓపిక పట్టుడు” అని చెప్పివేసితిని. చెప్పిన పిదప ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనును ఇరువదియొకటవ యేట ఎం.ఎస్సీ. చదువగోరి, ఊరక కూర్చుండుటకు జంకి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరినవాడను. నా తీరని కోరికను ఆ పిల్ల నెత్తిన పెట్టుచున్నానేమో యను సంశయము నేటికిని వదలలేదు.

ధైర్యము చెప్పుటకై సి. ఆర్. రావుగారి కథ యెత్తుకొంటిని. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితములో ఎం.ఏ. చేసిన ఆయన కొలువు వెదకుచు కలకత్తాకు పోయి, మహలనోబిస్‌గారు 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో 1941లో శిక్షణకు చేరిరి. 1945 నాటి ఆయన వ్యాసములోని ఫలితములను ఆమె చదివియే యుండెను. “ఆయన సంగతి వేరు మాస్టారూ, నాకు పరీక్ష ముందున్నది” అని నవ్వినది. నిజమే.

పరీక్షలో తప్పిన చోటులను ఆమెచేతనే చెప్పించితిని. సూత్రములన్నియు కంఠస్థములే, అవి యేల నిజమో చూపుమనిన కలము ఆగుచుండెను. కనుక మొదటి నాలుగు మాసములు వాస్తవ విశ్లేషణము, రేఖీయ బీజగణితము, సంభావ్యత, ఇవియే. దినమున కొక ఉపపత్తి పుస్తకము మూసి వ్రాయవలెను. సాయంకాలము నల్లబల్లపై నాకు బోధింపవలెను. నాకు తెలియనివే యెక్కువ గనుక ప్రశ్నలకు కొదువ లేకుండెను. పరిశీలనలు పెరిగినకొలది సగటు కుదురుకొనునని నేను పిల్లలకు చెప్పుచు వచ్చితిని. కోషీ విభాజనమునకు సగటే లేదనియు, అందు వేయి పరిశీలనల సగటు ఒక్క పరిశీలనకంటె కుదురైనది కాదనియు ఆమె చూపినప్పుడు, ఇరువదియేండ్ల నా పాఠమునకు ఒక షరతు చేర్చుకొనవలసి వచ్చినది.

తరువాత, దరఖాస్తులో చూపుటకు స్వంతముగా చేసిన పని యొకటి వలయునని, మా హాజరుపట్టీలు ఐదేండ్లవి ఇచ్చితిని. పాత లాప్‌టాపులో, వెల లేక దొరకు ఆర్ భాషతో లెక్క కట్టినది. పిల్లలు వానలకు మానుదురని నా నమ్మకము. మానినది మిరపకోతల దినములలో. నేను సంతోషించి, కారణము తేలినదంటిని. ఆమె తల యడ్డముగా నూపి, “పట్టీలో హాజరే కాని కారణము లేదు మాస్టారూ. అదియు గాక, మీరు ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన పేర్లు తరువాతి పుటలలో నుండవు. ఎక్కువగా మానినవారే ముందు పోయిరి, మిగిలినవారి సగటు గనుక మీకు బాగుగా కనబడుచున్నది” అనెను.

ఆ గీతలు నా చేతివి.

మొదట నేనిచ్చిన యోగ్యతాపత్రములో “వినయవంతురాలు, కష్టపడి చదువును” అని వ్రాసితిని. అట్టిది ఎవరికైనను సరిపోవును. ఈసారి ఆ పట్టీల సంగతియే వ్రాసితిని. ఉన్నతవిద్యకు కళాశాలాచార్యుని మాటకే విలువ హెచ్చు గనుక, ఆ పని ఆయనకు చూపి మరియొక పత్రము పుచ్చుకొమ్మంటిని.

పరీక్ష మరల వ్రాసినది. ఫలితము ఇంకను రాలేదు. నేను ఆ వీధిన పోవునప్పుడెల్ల తండ్రి కుట్టుమిషను ఆపి నా ముఖము చూచును. ఎఱ్ఱసిరా పేర్లలో రెండింటి యిండ్లకు వెళ్లివచ్చితిని. ఒక యింటికి తాళము వేసియున్నది.