జీరో టికెట్టు ఎందుకు అడిగి తీసుకోవాలంటే

మా పాలకీడు నుంచి ఆస్పత్రికో, బ్యాంకుకో, పుట్టింటికో పోవాలంటే ఆడవాళ్లం ముందు చూసేది బస్సు కోసమే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్టు ఇస్తారు. చాలామంది అక్కడే విసుక్కుంటారు. "ఫ్రీ అన్నారు కదా, మళ్లీ ఈ చీటీ ఎందుకు? పక్క ఊళ్లోనే దిగిపోతా" అంటారు.

ఆ చీటీ విలువ తెలియాలంటే డిపో సంగతి తెలియాలి. మనం ఇంట్లో నెల జమాఖర్చు చూసుకున్నట్టే అక్కడ ప్రతి బస్సుకూ లెక్క ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత డీజిల్ తాగింది, ఎన్ని సీట్లు నిండాయి, కిలోమీటరుకు ఎంత వచ్చింది, అన్నీ రాస్తారు. డిపోకు చేరిన బస్సును కడగాలి, డీజిల్ పట్టాలి, టైర్లు, బ్రేకులు చూడాలి, మళ్లీ టైముకు పంపాలి. ఒకటి మరమ్మతుకు ఆగితే ఇంకోటి సర్దాలి.

నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతో మొదలైన సంస్థ ఇది. ఇప్పుడు వేల బస్సులున్నా, తిరగాల్సిన ఊళ్లు అంతకంటే ఎక్కువ. సంక్రాంతికో, మేడారం జాతరకో, మా మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకో స్పెషల్ బస్సులు వేయాలంటే మామూలుగా తిరిగేవాటిలోంచే కొన్ని తీయాలి. పక్కింటి పెళ్లికి మన గిన్నెలు పంపి, మిగిలినవాటితో వంట కానిచ్చుకున్నట్టన్నమాట.

మన దగ్గర తీసుకోని ఛార్జీని ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. దానికి లెక్క ఈ జీరో టికెట్టే. టికెట్టు తీసుకోకుండా కూర్చుంటే బస్సు కిక్కిరిసి ఉన్నా లెక్కలో మన సీటు ఖాళీయే. బస్సులు చాలనప్పుడు, లెక్కలో ఖాళీగా కనబడే ట్రిప్పు మీదే ఎవరి కన్నైనా ముందు పడుతుంది.

ఆ ట్రిప్పు ఆగిపోతే మగపిల్లాడికి అప్పుచేసైనా బండి కొనిస్తారు. ఆడపిల్లకు మాత్రం "ఇక చదివింది చాల్లే" అంటారు. నాకు భయమల్లా ఇక్కడే.

2025 మహిళా దినోత్సవం నాడు మహిళా సమాఖ్యల బస్సులు కూడా అద్దెకు ఆర్టీసీలో చేరాయి. ఎక్కేవాళ్లమే కాదు, బస్సుల యజమానులమూ అయ్యాం. కాబట్టి అక్కలూ, బస్సు ఎక్కేముందే ఆధార్ చేతిలో పెట్టుకోండి. కండక్టర్ మరిచిపోతే మీరే అడగండి. దిగేదాకా చీటీ పారేయకండి.