చిక్కుడుకాయలు ఒలుస్తూ...

సంక్రాంతి సెలవులకి మావాడు హాస్టల్ నుంచి వచ్చాడు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నానమ్మా, అక్కకివ్వు" అనేవాడు, అంతే. నేనేమో మావాడు గట్టివాడండీ, ఇంటిమీద బెంగే లేదు అని అందరికీ చెప్పుకునేదాన్ని. తీరా చూస్తే ఒంటిమీద చొక్కా వేలాడుతోంది.

కనుమ వెళ్ళిన మర్నాడు చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. వాడి ఫోన్ ఛార్జింగ్‌లో ఉందేమో, వచ్చి ఎదురుగా కూర్చుని ఈనెలు తీయడం మొదలెట్టాడు. "మగపిల్లాడివి, నీకెందుకురా ఆ పని, లే" అన్నారు మా అత్తగారు. ఆవిణ్ణి అనడమెందుకు, మొన్నటిదాకా నేనూ అదే అన్నాను. ఆ రోజు ఎందుకో ఊరుకున్నాను.

గుప్పెడు కాయలయ్యాక తలెత్తకుండానే చెప్పాడు. దసరా ముందు నుంచీ నిద్ర పట్టడం లేదట. ప్రతి పరీక్షకీ ర్యాంకులు గోడకి అంటిస్తారట, తగ్గితే సెక్షన్ మారుస్తారట. రాత్రిళ్ళు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాడట, బయటికి వినబడకుండా.

"మరి ఫోన్లో చెప్పలేదేం నాన్నా?"

"ఏడుపొచ్చేస్తుందని."

వాడికి ఆరేళ్ళప్పుడు సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుపోతే, "ఛ, మగాడు ఏడుస్తాడేంట్రా" అన్నది నేనే. టక్కున ఆపేశాడు. మురిసిపోయాను కూడా. తర్వాత 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు, బాధేస్తే చెయ్యెత్తడమేంటి, ఆ తాగుడేంటి అని ఆ హీరోని తెగ తిట్టుకున్నాను.

మా అమ్మాయి కష్టాలన్నీ నాకు కూర తరుగుతుంటేనే తెలుస్తాయి. వీణ్ణి మాత్రం వంటింటి గడప తొక్కనివ్వలేదు. మన దేశంలో 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు వాటికి రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ లెక్క మా ఆయనకి చూపించి దెప్పాను. నేను లెక్కపెట్టుకున్నది చాకిరీనే. ఆ చాకిరీ మధ్యలో మేం చెప్పుకునే కబుర్లు నాకు లెక్కలోకే రాలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టున్నారు. వచ్చి కూర్చుని ఓ కాయ అందుకున్నారు. ఈనె ఎటు లాగాలో తెలియక రెండు కాయలు పాడుచేశారు. అప్పుడడిగారు, "కాలేజీ మారదామా?" అని.

వాడింకా ఏమీ చెప్పలేదు. ఆదివారం రాత్రి బస్సుకి టికెట్టుంది.