నల్లబల్ల మీద మేం

శనివారం ఆఖరి పీరియడు బాలసభ. మా హైస్కూల్లో అదొక పండగ. ఎవరో పాట పాడేవాళ్లు, ఎవరో కథ చెప్పేవాళ్లు, చివర్లో ఒక చర్చ. 1993 జనవరిలో ఒక శనివారం మా సారు నల్లబల్ల మీద చర్చాంశం రాశాడు: ‘దేశం ముందా? మతం ముందా?’ రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని, పిల్లల్ని రెండు జట్లుగా పంచాడు. దేశం వైపు క్లాసంతా. మతం వైపు మేం ముగ్గురం. ఆ తొమ్మిదో తరగతిలో సాయిబుల పిల్లలం మేం ముగ్గురమే.

బాబ్రీ మసీదు కూల్చి అప్పటికి నెల దాటింది. చీకటి పడితే అమ్మీ మమ్మల్ని బజారుకు పంపడం మానేసింది. అరుగు మీద కూర్చుని నలుగురికీ వినపడేట్టు ‘సియాసత్’ చదివే అబ్బా, పేపరు మడిచి లోపలికి తీసుకుపోయి చదువుతున్నాడు. అట్లాంటి రోజుల్లో ఆ ప్రశ్న.

ఏం మాట్లాడాలి? మతం ముందంటే దేశద్రోహులం. దేశం ముందంటే మా జట్టు ఓడిపోతుంది. మాలో ఒకడు లేచి, “రెండూ సార్” అన్నాడు. క్లాసు గొల్లుమంది. సారు కూడా నవ్వాడు.

సారు చెడ్డవాడు కాదు. మాలో ఒకడికి పరీక్ష ఫీజు తన జేబులోంచి కట్టినవాడు. అందుకే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా మాకు తెలియలేదు. “రెండూ” అన్నవాడు ఆ తర్వాత శనివారం మధ్యాహ్నాలు బడికి రాలేదు. పదో తరగతి తప్పి మెకానిక్ షెడ్డులో చేరాడు. ఆ ఒక్క చర్చ వల్లే వాడి చదువు పోయిందని చెప్పం. కానీ చర్చ అంటే వాడికి మిగిలింది ఆ నవ్వు ఒక్కటే.

తర్వాత మేం పత్రికలో చేరాం. పాత సంచికలు తిరగేస్తుంటే ఆ నెలల వార్తలు చాలాసార్లు కంటపడ్డాయి. మండల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 1992 నవంబరు 16న వచ్చింది. పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిచ్చే 73వ రాజ్యాంగ సవరణను పార్లమెంటు ఆ డిసెంబరులోనే ఆమోదించింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేపిన సారా పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. సారా మీద వచ్చే రాబడి పోతే ఖజానా సంగతేంటి? సారా ఉంటే సంసారాల సంగతేంటి? రెండు వైపులా మాట్లాడదగిన విషయం. మా వాడలో సారాకి ఇల్లు గుల్ల చేసుకున్న సాయిబులు తక్కువేం లేరు. ఆ ప్రశ్న వేసి ఉంటే మేం అందరితో పాటు లేచి, అందరిలాగే మాట్లాడేవాళ్లం. సారు వేసిన ప్రశ్నలో ఒక సంఘటన లేదు, ఒక చట్టం లేదు, ఒక అంకె లేదు. ఉన్నదల్లా మేమే.

అయితే సంఘటన, చట్టం ఉంటే సరిపోతుందా? సరిపోదని తర్వాత తెలిసింది.

1995 మే 10న సరళా ముద్గల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ ఏడే జిల్లా కేంద్రంలో ఒక కాలేజీ వాళ్లు పెట్టిన పోటీలో అంశం ‘ఉమ్మడి పౌరస్మృతి దేశానికి అవసరం’. మేమూ, మా చిచ్చా కొడుకూ ఒక జట్టు. మా పేర్లు చూసి ‘ప్రతికూలం’ అని రాసేశారు. ఎవరూ అడగలేదు. మేమూ కాదనలేదు. ఈసారి చదువుకుని వెళ్లాం. ఆ కేసులో నిందితులు ముస్లింలు కాదనీ, మొదటి భార్య ఉండగా రెండో పెళ్లి కోసం ఇస్లాం పుచ్చుకున్న హిందూ భర్తలనీ చెప్తే హాలు నిశ్శబ్దమైపోయింది. అక్కడున్న చాలామందికి ఆ సంగతే తెలియదు.

అప్పుడు ఎవరో లేచి అడిగారు: “మరి మూడుసార్ల తలాఖ్ మాటేంటి?”

“అదంతా పత్రికల ప్రచారం. మా ఇళ్లల్లో అట్లాంటిది లేదు” అన్నాం.

చప్పట్లు. కప్పు మాకే వచ్చింది. ఇంటికొచ్చి మావాడు వరండాలో నిలబడి మొత్తం ఉపన్యాసం మళ్లీ చెప్పాడు, చేతులు ఊపుకుంటూ. మూలన మా ఫుప్పు మిషను కుడుతోంది. మా ఫుప్పుకి ఆమె మొగుడు 1988లో ఒకే నిమిషంలో మూడుసార్లు తలాఖ్ చెప్పి పంపేశాడు. ఇద్దత్ మూడు నెలలు దాటాక అతని మీద బాధ్యత లేదని పెద్దమనుషులు తేల్చారు. షాబానోకు 1985లో సుప్రీంకోర్టు భరణం ఇప్పిస్తే, 1986లో వచ్చిన చట్టం పట్టుకుని ఊరూరా చెప్పిన మాటే అది. ఆ చట్టానికి అర్థం అది కాదనీ, ఆమె ముందు బతుకుకంతా సరిపోయే ఏర్పాటు ఆ ఇద్దత్ లోపే చేయాలనీ సుప్రీంకోర్టు 2001లో డేనియల్ లతీఫీ కేసులో చెప్పింది. అది మా ఫుప్పుకి అందని తీర్పు.

“మా ఇళ్లల్లో లేదు” అన్న దగ్గరికి రాగానే ఫుప్పు మిషను చక్రాన్ని చేత్తో ఆపింది. “తో మై కిస్‌కే ఘర్ మే హూఁ రే?” అంది. మరి నేను ఎవరింట్లో ఉన్నానురా అని.

ఆ కప్పు చాలాకాలం అల్మరా మీద ఉంది. మేం దాన్ని ఎవరికీ చూపలేదు. మా మనిషి గురించి అబద్ధమాడి గెలిచిన కప్పు అది. అబద్ధం మేమే ఆడాం, ఆ తప్పు మాదే. కానీ ఆ హాల్లో మేం వకీళ్లుగా నిలబడ్డాం. కౌముకి వకీళ్లు. వకీలు తన కక్షిదారు తప్పు ఒప్పుకోడు. మమ్మల్ని మామూలు విద్యార్థులుగా నిలబెట్టి ఉంటే, “చట్టం పేరుతో మా మీద దాడి వద్దు, మా ఇంట్లో ఆడమనిషికి అన్యాయమూ వద్దు” అనగలిగేవాళ్లం. ఆ మూడో మాటకు అక్కడ కుర్చీ లేదు. మూడుసార్ల తలాఖ్ చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న అన్నప్పుడు మా డెస్కు మీద ఆ వార్త రాసింది మేమే. ఫుప్పు చూసి ఉంటే బాగుండేది.

పత్రికవాళ్లం కదా అని ఇప్పుడు బళ్లవాళ్లు మమ్మల్ని చర్చాంశాలు అడుగుతుంటారు. కొందరు టీచర్లు ముందే చెప్తారు: “గొడవలేని టాపిక్కులు ఇవ్వండి సార్. సెల్‌ఫోన్ మంచిదా చెడ్డదా, అట్లాంటివి.” వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ బడి మా గురించి నోరు మూసుకుంటే పిల్లలు మా గురించి ఎక్కడ వింటారు? సెల్‌ఫోన్లోనే వింటారు. అక్కడ ఎదుటిపక్షం ఉండదు.

అందుకని విషయం వదలం, వాక్యం మారుస్తాం. ‘ముస్లింలకు రిజర్వేషన్లు ఇవ్వవచ్చునా?’ అని ఒక బడివాళ్లు పంపారు. మేం కాగితం మీద తేదీలు రాసిచ్చాం: 2004లో 5 శాతం, కోర్టు కొట్టివేత; 2005లో మళ్లీ, మళ్లీ కొట్టివేత; 2007లో బీసీ-ఈ పేరుతో 4 శాతం; 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేత, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింపు. బీసీ-ఈలో సయ్యద్, పఠాన్, మొగల్ లేరు. దూదేకులవాళ్లు ఆ జాబితాకు ముందే బీసీ-బిలో ఉన్నారు. అది రాసి ప్రశ్న ఇట్లా పెట్టాం: ‘వెనకబాటును కొలవాల్సింది వృత్తితోనా, ఆదాయంతోనా, కులంతోనా?’ ముస్లింలంతా ఒకటే ముద్ద కాదని ఆ క్లాసుకి మొదటిసారి తెలిసింది. అందులో ఉన్న ముస్లిం పిల్లలకు కూడా.

2022లో కర్ణాటక గొడవ తర్వాత ఒక టీచరమ్మ పంపిన జాబితాలో ఉంది: ‘బడిలో హిజాబ్ నిషేధించాలా?’ “మీ క్లాసులో హిజాబ్ కట్టుకునే పిల్లలు ఎంతమంది మేడమ్?” అని అడిగాం. “ఇద్దరు సార్” అంది. కాసేపాగి, “ఎటు వేసినా వాళ్లనే చూస్తారు కదా సార్” అని తనే అంది. మేం ఆమెకు చెప్పాల్సింది ఇక పెద్దగా లేదు.

ఇద్దరం కూర్చుని మార్చాం: ‘బడి దుస్తుల నియమం ఎవరు నిర్ణయించాలి? ప్రభుత్వమా, బడా, తల్లిదండ్రులా, పిల్లలా?’ బొట్టు, తలపాగా, శిలువ అన్నీ అందులోకి వచ్చాయి. వాస్తవాలు ముందుగానే పంచాం: 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వ ఉత్తర్వు, మార్చి 15న హైకోర్టు సమర్థన, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులవి రెండు భిన్నమైన తీర్పులు. పేర్లు చూసి జట్లు వేయలేదు. చీటీలు తీయించాం. సగంలో జట్లు తారుమారు చేయించాం. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు తీర్పరులుగా కూర్చోవచ్చన్నాం.

ఆ ఇద్దరిలో ఒక అమ్మాయికి ‘ప్రభుత్వం’ చీటీ వచ్చింది. మార్చుకుంటావా అంటే వద్దంది. నియమం అందరికీ ఒకటే ఉంటే పేద పిల్ల, ధనిక పిల్ల తేడా తెలియదని గట్టిగా వాదించింది. తారుమారయ్యాక తన మాటల్ని తనే ఒక్కొక్కటి విప్పింది. ఎవరూ నవ్వలేదు. కొన్నిచోట్ల చప్పట్లు కొట్టారు.

బయటికొస్తుంటే ఆ అమ్మాయి వెనకాలే వచ్చింది. “సర్, మొదట నేను చెప్పింది నా అభిప్రాయం కాదు. తెలుసు కదా?”

“తెలుసు బేటా” అన్నాం.

ఆ మాట చెప్పుకునే వీలు 1993లో మా ముగ్గురికీ లేదు. మెకానిక్ షెడ్డు వాడిప్పటికీ మా బండి బాగుచేస్తాడు. ఆ సాయంత్రం దారిలో ఆగి వాడికి ఇదంతా చెప్పాం. చేతులు తుడుచుకుంటూ విని, “చీటీలు తీయించారా, బాగుంది” అన్నాడు. కాసేపాగి, “ఆ రోజు నేను చెప్పింది మాత్రం నా అభిప్రాయమే రా” అన్నాడు.